పోయేవి పోవడం లేదు

శుక్రవారం పడవలో పక్క దీవి నుంచి వచ్చాను.
సావ్ జార్జ్ రేవులో వాన అడ్డంగా కురుస్తోంది.
జున్ను సహకార సంఘం ఆఫీసులో
డియొలిండా తువ్వాలు ఇవ్వలేదు, కుర్చీ చూపించింది.
"వచ్చేవి వస్తున్నాయి. పోయేవి పోవడం లేదు."

రోగం ఇంత పొందిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

చెవి బాగానే ఉంది, నోరే పడిపోయింది యంత్రానికి.
లిస్బన్ కొట్లవాళ్లు అడుగుతూనే ఉన్నారు:
ధర చెప్పరేం, జవాబు లేదేం, అలిగారా?
ఇక్కడ అవుట్‌బాక్సులో పదిహేడు జవాబులు,
గొంతులో పచ్చి వెలక్కాయ.

ముందు తీగ చూశాను. తర్వాత పాస్‌వర్డు.
గదిలో మరెవరూ లేకపోయినా చెవిలో చెప్పింది:
ఒక ఆవు పేరు, వెనక అది ఈనిన సంవత్సరం.
పోర్టు ఇరవై అయిదు పూడిపోయిన పాత రేవు,
అయిదు వందల ఎనభై ఏడుకు మళ్లించాను.
సర్వరు పేరులో చుక్క ఎక్కువ పడిందేమోనని
వేలు పెట్టి చదివాను బడిపిల్లాడిలా.
యాంటీవైరస్‌ని కాసేపు జోకొట్టి పడుకోబెట్టాను.
పంపు నొక్కాను.
నీలం గీత సగందాకా పాకి
ఎర్రటి మాట ఒకటి ఉమ్మింది:
అవతలి ధ్రువపత్రం ఇంకా చెల్లుబాటులోకి రాలేదు.

ఇంకానా?
గడువు తీరిందనడం విన్నాను గానీ
పుట్టనే లేదనడం ఏమిటి?

అప్పుడు చూశాను తెర మూలన.
జనవరి ఒకటి, రెండు వేల తొమ్మిది.
"పిడుగు పడి కరెంటు పోయిన రాత్రి నుంచీ అంతే,"
అంది తాపీగా. "నాకు గోడమీద క్యాలెండరుందిగా."

వచ్చే దారికి తాళమే లేదు, పోయే దారికే కాపలా.
ఆ కాపలావాడు తేదీ అడుగుతాడు.

పెట్టె విప్పితే దుమ్ము, ఎండిన సాలీడు,
కోటు గుండీ అంత బ్యాటరీ, ప్రాణం లేనిది.
ఊళ్లో గడియారాల కొట్టు సోమవారం దాకా మూతే.
డియొలిండా లేచి వెళ్లి
జున్ను తూచే కాటా బోర్లించి
దాని పొట్టలోంచి ఒకటి ఊడబీకి తెచ్చింది.

కాలం సర్దుకుంది. పదిహేడూ కదిలాయి,
పాలు పితికాక దొడ్డి గేటు తీసినట్టు.

కాసేపటికి నాలుగు తిరిగొచ్చాయి, టింగ్, టింగ్.
తనకు తానే రాసుకున్నవి.
పరీక్ష. మళ్లీ పరీక్ష. పరీక్ష మూడు.
నాలుగోదానికి శీర్షిక లేదు:
ఎవరైనా వింటున్నారా?

నేను కిటికీ వైపు తిరిగాను.
వాన అంత చూడదగ్గదిగా ఏమీ లేదు.
వెనక మీటల చప్పుడు, నాలుగైదు అక్షరాలు, అంతే.
మళ్లీ టింగుమంది.

నా రేటు చెప్పాను. చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.
పడవ కూత వేస్తుంటే
ఏడు నెలలు మాగిన జున్ను ఒక ముక్క కోసి
అలవాటుగా కాటా మీద పెట్టింది.
అంకె రాలేదు.
ముక్కని చూసింది, కాటాని చూసింది,
కత్తి మళ్లీ అందుకుంది.
"తూచడానికి లేదుగా," అంటూ
ఇంకొకటి, ముందుదానికంటే లావుగా.