పెట్టెలకు చెప్పిరావాలి

మా అత్త దేశమ్మకు ఒక పిచ్చి ఉండేది.
ఇంట్లో ఏం జరిగినా
ముందు తేనెపెట్టెలకు చెప్పాలి.
పెళ్ళిచూపులకు వచ్చిపోయిన రోజు
నేను నచ్చినానన్న మాట
నాకన్నా ముందు ఆ ఏడు పెట్టెలకే తెలిసింది.

బంగారుపాళ్యం దాటినాక, తోతాపురి తోపు చివర,
చీమలెక్కకుండా కాళ్ళకింద నీళ్ళ చిప్పలు పెట్టుకొని
నిలబడి ఉంటాయవి,
పింఛను వరసలో ముసలోళ్ళ మాదిరి.

ఇంటి బీగంచెవితో మూడుసార్లు తట్టేది.
నోరు తగ్గించి చెప్పేది:
"చిన్నోడికి తట్టు పోసింది."
"గాలికి చింతమాను పడింది, మనం బాగుండాం."
"కోడలికి నెల తప్పింది, ఎవురికీ చెప్పబాకండి."
చెప్పకుంటే అలిగి లేచిపోతాయట.
వాటి ముందర తిట్టుకోకూడదట.
అందుకే నేనూ నా మొగుడూ
కొట్లాటకు దూడల కొట్టానికి పోయేవాళ్ళం.

ఇదంతా ఎవరు నేర్పినారత్తా అంటే
మిషనాసుపత్రి మరగతమ్మ అనేది.
జర్మనీలో ఆమె పేరు మార్గిట్.
చిత్తూరు నోట్లో పడి మరగతమైంది.
కాన్పుల వార్డు వెనక రెండు పెట్టెలు పెట్టుకొని
తెల్లారితే వాటితో గుసగుసలు.
ఆయాగా చేరిన మా అత్త
మొదట అది ప్రార్థన అనుకుందట.
"కాదు దేశమ్మా, మా ఊళ్ళో
ఇంటి చావూ పుట్టుకా ఈగలకు దాచరు"
అందట ఆ దొరసాని.

మరగతమ్మ పోయినరోజు
పెట్టెలకు కట్టను నల్లగుడ్డ దొరక్క
ఆమె గొడుగే చించింది మా అత్త.
చువ్వలు మాత్రం సమాధి మీద పెట్టొచ్చింది.
డబ్బుకు కొంటే ఈగలు అచ్చిరావని
ఒక బస్తా చెనిక్కాయలిచ్చి
ఆ రెండు పెట్టెలూ ఎద్దులబండిలో తెచ్చుకుంది,
దారిపొడుగునా
వచ్చే ఊరి పేరల్లా వాటికి చెబుతూ.

నేను నవ్వేదాన్ని.

నాలుగేళ్ళ కిందట, మరగతమ్మ చెల్లెలి మనవరాలంట,
ఆంకె అనే పిల్ల వచ్చింది.
అత్త తట్టడం మొత్తం సెల్లులో పట్టుకుంది.
"మావైపు ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ చెయ్యరు,
మా అవ్వ అంటుంటే విన్నానంతే" అన్నదట.
తోడొచ్చిన పిల్లోడు ఆ ముక్క తెలుగులో చెప్పేసరికి
అత్త బీగంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.
"నీ సొమ్మే. తట్టు."
తట్టింది. వాళ్ళ భాషలో ఏందో చెప్పింది,
చాలాసేపు, ముక్కు ఎగబీలుస్తా.
మాకొక్క ముక్కా తెలీదు.
పెట్టెలు వింటానే ఉన్నాయి.

మొన్న మాఘంలో, పూత విరగబట్టినప్పుడు
అత్త పోయింది.
వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, షామియానా, టీ గ్లాసులు.
మూడోనాడు పాలు పోసొస్తా ఉంటే
కాళ్ళు దారిలోనే ఆగిపోయినాయి.
పెట్టెలకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికిప్పుడు నంబర్ల తాళం.
చేతికి దొరికింది మోపెడ్ బీగంచెవి.
నల్లగుడ్డకు నా రవికె ముక్క.
ఎగతాళి చేసిన నోరు కదా,
ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు.
మూడుసార్లు తట్టి
"నేనే, కోడల్ని" అన్నాను.
"మీ దేశమ్మ లేదు.
రాత్రి సంగటి తిని పడుకుంది, తెల్లారి లెయ్యలేదు.
కష్టమేం పడలేదు.
చెప్పడం ఆలస్యమైంది. తప్పు నాదే."
లోపల రొద ఒక్కసారి లేచి
పొంగబోయిన పాలమీద నీళ్ళు చిలికినట్టు
తగ్గింది.

వారం తిరక్కుండా మూడో పెట్టె ఖాళీ.
పక్కతోపులో మందు కొట్టినారు, అందుకే
అన్నాడు నా మొగుడు.
కావచ్చు.
నేను ఆ ఖాళీ పెట్టెనూ తుడిచి
దాని చిప్పల్లోనూ నీళ్ళు నింపుతున్నాను.

నిన్న మా పాప లెక్కల పరీక్ష తప్పింది.
వాళ్ళ నాయనకింకా తెలీదు.
ఆరు పెట్టెలకు చెప్పినాను.
ఏడోదాన్ని కూడా తట్టి, కొంచెం గట్టిగా, చెప్పొచ్చినాను.