ఏసీ నీళ్లు

బోరు నీళ్లు పనికిరావు.
ఆరాక కాగితం మీద ఉప్పు తేలుతుంది,
ఆకాశానికి చుండ్రు పట్టినట్టు.
అందుకని చెంగల్రాయులు అయివోరు
గోవిందరాజుల గుడి వెనక లాడ్జీల సందుల్లో
గోడకింద సీసాలు పెట్టుకుని నిలబడేవారు.
పై అంతస్తుల్లో యాత్రికులు ఒళ్లెరగక నిద్రపోతుంటే
వాళ్ల ఏసీలు చుక్కచుక్కగా కార్చిన నీళ్లు
మా ఎనిమిదో తరగతికి మబ్బులయ్యేవి.

డ్రాయింగు పీరియడు వారానికొకటి.
లెక్కల సారు అడిగితే అదీ లేదు.
"తీసుకోండి సార్" అని
ఆ సారు వదులుకున్న ఐదుగురిని వెంటేసుకుని
సైకిల్ స్టాండులోకి నడిచేవారు.
ఐదుగురికీ ఒకటే కుంచె.

"మే నెల్లో ఈ కొసన వేసిన నీలం
ఆ కొసకు పొయ్యేలోపల ఆరిపోతాది.
ఎండకన్నా ముందు పోవాల."
తెల్లారి ఐదింటికి స్వర్ణముఖి వంతెన.
కింద నది లేదు.
ఇసుక, ఇసుక ట్రాక్టర్లు.
సీసాలో నీళ్లన్నీ ఒంపి
నీళ్లులేని నదిని వేసేవారు.

ముప్పై రెండేళ్లు.
పుత్తూరు, పలమనేరు, మళ్లీ తిరుపతి.
ఎలక్షన్లప్పుడు వేళ్లకు సిరా పూసే డ్యూటీ.
"నేనేసిన రంగుల్లో ఎక్కువమంది చూసుకునింది అదే" అని నవ్వారొకసారి.

ఒకే ఒక్క ప్రదర్శన, కల్యాణమండపం మెట్ల పక్కన.
"కొండ బాగుంది. గుడేదీ?"
"మబ్బులో ఉంది సామీ."
అడిగినాయన కొనలేదు.
తడిసిన బస్టాండు మాత్రం పోయింది,
గొడుగు కింద, గుండుకు చందనం పూసుకున్న పాపతో సహా.

నేను కుంచె వదిలేసి చాన్నాళ్లయింది.
గాంధీ రోడ్డులో ఫ్లెక్సీ షాపు నాది.
పుట్టినరోజులు, పదవులు, అశ్రునివాళులు.
ఆయన రిటైర్మెంటు బ్యానరూ నా మిషన్ మీదే దిగింది,
పేరు తప్పుతో: చంగలరాయుడు.
అర్ధరాత్రి. మళ్లీ కొట్టే టైము లేదు.
పొద్దున చదువుకుని
"మనిషి నేనే గదా" అన్నారు.

ఎప్పుడో, కొంగ వేస్తూ, తెల్లరంగు కావాలన్నాను.
నెత్తిన మొట్టికాయ.
"తెలుపు పూసేది గాదు పిల్లా, వదిలిపెట్టేది.
చెయ్యి యాడ పెట్టకూడదో ముందే తెలిసుండాల."

మొన్న ఇంకులు నింపుతూ కొత్త కుర్రాడు అడిగాడు:
"నాలుగే డబ్బాలేంది అక్కా, తెల్లది లేదా?"
మిషన్ అటూఇటూ తిరుగుతోంది.
నాయకుడి మీసం దిగింది, మెడలో గొలుసు దిగింది.
ఇస్త్రీ చొక్కా వచ్చేసరికి
ఏమీ పూయకుండా దాటిపోతోంది.
చెప్పబోయి, చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం అయివోరు వచ్చారు.
బయట ఏసీ గొట్టం కింద సీసా పెట్టి
స్టూలు లాక్కుని కూర్చున్నారు.
చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క.

రిమోట్ తీసి
రెండు డిగ్రీలు తగ్గించాను.