పారాణి రంగు

ముప్పై ఏళ్లు కాశీబుగ్గలో జీడిపిక్క కొట్టినాను.
పెంకు నూనె తగిల్తే అరిసెయ్యి పొరపొరా ఊడిపోతాది,
అందుకే పీట మీద కూకునే ముందు
బూడిద రాసుకుంటాం.
సేతికి బూడిదుంది.
కడుపుకి ఏటి రాస్తాం?

ముద్ద దిగితే మంట, దిగకపోతే మంట.
ఆ నూనే గోళ్ల సందుల్లోంచి అన్నంలోకి,
అన్నంతో లోపలికి పోనాదనుకున్నాను.
ఆరెంపీ గవరయ్య తెల్లసీసా ఇచ్చినాడు,
అది అయిపోతే ఇంకో తెల్లసీసా.
మేస్త్రి ఒళ్లు దొంగతనం అన్నాడు.
తెల్లారగట్ల నల్లగా వాంతయిన రోజు
శ్రీకాకుళం బస్సెక్కించినారు.

గొట్టం మింగమంటే మింగినాను.
కళ్లంట నీళ్లు, ముక్కంట నీళ్లు.
తెర మీద నా లోపల
పొర సరిగ్గా ఒలవని పప్పులాగ
ఎర్రెర్రగా, మచ్చలు మచ్చలుగా.

సిన్న ముక్క గిల్లి
పసుప్పచ్చ మందులో ఏసినాడు డాక్టరు కుర్రోడు.
పసుపులో సున్నం పడ్డట్టు
అది పారాణి అయిపోనాది.
"దొరికిందమ్మా," అన్నాడు, పోయిన తాళం దొరికినట్టు.
"కంటికి కనపడని పురుగు. వంకరగా ఉంటుంది,
మీ జీడిగుండులాగే."

అంత పులుపులో ఎలా బతుకుతాది బాబూ?
"తన చుట్టూ తనే సున్నంలాంటిది పూసుకుని
మధ్యన కూర్చుంటుంది."
నవ్వొచ్చీసింది నాకు.
బూడిద రాసుకుని మంటలో కూకున్న
ఇంకో కూలిది, నా కడుపులోనే,
కిలోకింత అన్న లెక్కయినా లేకండా.

ఎప్పుడు సేరింది?
"చిన్నప్పుడే కావచ్చు. ఒకే చెంబు, ఒకే కంచం,
ఎవరైనా నమిలి పెట్టిన ముద్ద..."

మరి మాటాడ్లేదు నాను.
సోడిరొట్టి గట్టిదని
మాయమ్మ నమిలి, మెత్తన సేసి, నా నోట్లో పెట్టీది.
తను మింగిందో లేదో నానెరగను.
పొట్ట పట్టుకునే పోనాది అదీను.
ఏటే అమ్మా అంటే, ఆకలే, అనీది.

పద్నాలుగు రోజులు మాత్రలు.
నోరంతా తుప్పు రుచి.
పదోనాడు కళ్లు తిరిగి మానేద్దామనుకున్నాను.
ఒట్టి కళ్లు తిరగడమే కాదు:
అమ్మది నాకాడ ఏటీ మిగల్లేదు,
ముక్కుపుడక తాకట్లోనే పోనాది,
ఉన్నదిదొక్కటే.
అయినా మింగినాను.

నిన్న మనవరాలు నోరు తెరిసింది.
రొట్టిముక్క నా పళ్ల దాకా వచ్చి ఆగింది.
సబ్బెట్టి సేతులు కడిగినాను, ఆ నలుపు ఎలాగూ పోదు,
పాలల్లో నానేసి ఏళ్లతోనే మెదిపినాను.

అప్పుడు లోపల ఏటో కదిలింది.
మంటేమోనని కాసేపు ఆగి సూసినాను.
కాదు. ఆకలి.