గాంధారం పలకని పెట్టె

టైంటేబుల్లో నా పేరు శుక్రవారం ఏడో పీరియడ్.
ఆరు పీరియడ్ల చెమటా, మధ్యాహ్న భోజనం గుడ్డు వాసనా
ఇంకా గదిలోనే ఉంటాయి.
"ఒక్క లెక్క మిగిలిపోయింది మేడమ్" అంటూ
సన్నిబాబు మాస్టారు చాక్‌పీసుతో గుమ్మంలో నిలబడితే
ఏడాదిలో సగం శుక్రవారాలు
ఆ ఒక్క లెక్కలోనే తీసివేతకి పోయాయి.

మల్కాపురం హైస్కూల్లో సంగీతమంటే
ఒక హార్మణీ పెట్టె.
సముద్రపు గాలికి రీడు చిలుము పట్టి
గాంధారం మెట్టు నొక్కితే
ఊపిరొస్తుంది, స్వరం రాదు.
రిపేరుకి రాసిన అర్జీలు నాలుగు
హెడ్మాస్టరు బీరువాలో ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి.
ఆపరేషనైన దగ్గర్నించి
నా గొంతు పెట్టె వెనకే దాక్కుంటుంది.
పిల్లలు పెట్టెనే నమ్మారు.
స, రి,
ఒక ఖాళీ,
మ, ప.
యాభై ఇద్దరూ
గోతిని దాటినట్టు ఒక్కసారే దాటేవారు.
అది తప్పని చెప్పడానికి నాకు రెండు శుక్రవారాలు కావాలి.
ఆ రెండూ సన్నిబాబు మాస్టారి దగ్గరున్నాయి.

పై అధికారులొచ్చేటప్పుడు మాత్రం
అందరికీ గుర్తొస్తాను.
వారం ముందునుంచీ అన్ని పీరియడ్లూ నావే.
స్వాగతగీతం, ఎనిమిది మంది ఆడపిల్లలు, కొత్త రిబ్బన్లు,
వెనక వరసలో ఎత్తు కోసం నలుగురు మగపిల్లలు.
వాళ్ళలో చోడిపల్లి ఎల్లాజీ.
తొమ్మిదో తరగతి, గొంతు అప్పుడే విరుగుతోంది:
ఒక పాదం కీచుగా, ఒక పాదం రంపంలా.
"నువ్వు పెదాలు కదుపు, చాలు" అన్నాను.
అని మరిచిపోయాను.
అలాంటివి రోజుకి పది అంటాం మేం.

*

మేడం, నానేటీ గొడవ సెయ్యలేదు.
పెదాలే కదిపేను.
పెద్ద సారు నన్నే సూసి తలూపేరు.
నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది.

మీ పీరియడ్ నాకెందుకిష్టమో మీకు తెల్దు.
దాన్లో మార్కుల్నేవు.
ఎవుడు ఫస్టో ఎవుడు మొద్దో రాసే పుస్తకం మీ కాడ నేదు.
మా నాన్న షిప్‌యార్డులో కాంట్రాక్టు గ్రైండరు.
రోజంతా ఇనుము సప్పుడు ఇనీసి సెవులు మొద్దుబారిపోనాయి.
ఇంట్లో ఏటి సెప్పాలన్నా అరవాల.
మెల్లగా ఉండడానికి నాకున్న సోటు
మీ గదొక్కటే.

మరోటి సెప్పాల.
నాలుగింటికి షిఫ్టు సైరను కూత్తాది సూడండి,
కింద నుంచి లేచి, లేచి, ఒక కాడ నిలబడిపోద్ది.
స, రి అని మీరు పెట్టి మీద ఆగినప్పుడు
నా సెవిలో అదే వొత్తాది.
ఆ కాళీలో ఏదో ఉందని తెల్సు, పేరు తెల్దు.
అడుగుదామనుకున్నాను.
పెదాలు కదపమన్నోడు నోరిప్పి అడగొచ్చేటి?

*

ఇందులో సగం తర్వాతెప్పుడో అతను చెప్పింది,
సగం నేను ఆలస్యంగా కూడబలుక్కున్నది.

మొన్న శుక్రవారం వాన. మాస్టారింకా రాలేదు.
పిల్లలు స, రి అన్నారు. గోతి దగ్గర ఆగారు.
రిఫైనరీ వైపునించి తడిగాలి, దూరంగా సైరను.
వెనక బెంచీ మీంచి ఎవరో
ఆ ఖాళీలోకి దిగారు.
పగిలిన గొంతు. అంచులు సరిగా లేవు.
శ్రుతికి ఒక వెంట్రుకవాసి కిందుగా ఉంది.
యాభై ఒక్క తలలు వెనక్కి తిరిగాయి.
ఎల్లాజీ పెదాలు బిగించేశాడు,
దొంగసొత్తు నోట్లో దొరికినట్టు.

శభాష్ అనొచ్చు. చప్పట్లు కొట్టించొచ్చు.
మళ్ళీసారి ముందు వరసకి రమ్మనొచ్చు.
అవన్నీ అతిథులకి చేసేవి.

పెట్టె మూసేశాను.
"దాని పేరు గాంధారం" అన్నాను.
"కాస్త కిందికి పట్టుకున్నావు.
ఇంకొంచెం పైకి."

చొక్కా సర్దుకుని లేచాడు.
గుమ్మంలో గొడుగు మడుస్తూ
"ఒక్క లెక్క..." అంటున్నారు మాస్టారు.
అటు చూడకుండానే చెయ్యెత్తి ఆపాను.