కొసరు నాణెం

వరద తీసిన మూడో రోజు
హోయాన్ వీధుల్లో ఇంకా బురద వాసన.
మెట్ వచ్చింది, సైకిలుకు చెరోపక్క గోనె వేలాడేసుకుని.
మెట్ అంటే మా భాషలో చేట.
ముద్దొచ్చే పేరు పెడితే దయ్యాల కన్ను పడుతుందని
వాళ్ళమ్మ పెట్టిన పేరు.
డెబ్బై ఏళ్ళు బతికించిందిగా, అంటుంది.

నాది గడియారాలు బాగుచేసే కొట్టు.
గంటలు కొట్టేవి గోడకి,
కొట్టనివి, వందల ఏళ్ళుగా ఊరుకున్నవి,
సిగరెట్టు డబ్బాల్లో.

మెట్ తూకానికే ఇస్తుంది.
రాజులూ యుగాలూ ఆమెకు పట్టవు,
కిలో రాగి కిలో రాగే.
ఇసుక తోడే పడవవాళ్ళ వలకు తగిలిన కుండ,
దాని అడుగున ఒకదాన్నొకటి కరుచుకుని
పచ్చగా గడ్డకట్టిన నాణేలు.
తూచింది. బేరమాడాను. తిట్టింది.
చివరికి కొంగున ముడి విప్పి
ఒక్కటి కొసరు వేసింది.

ముద్దని నూనెలో నానేశాను.
పది రోజులు, వెదురు పుల్ల, ఓపిక.
నిమ్మచెక్కతో తోమితే చిలుము వదులుతుంది,
దాంతోపాటే ఊరూ పేరూ వదులుతాయి.
నాణేన్ని చదవడమంటే ముందు
దాని మురికిని గౌరవించడం.

విడివడ్డాయి ఒక్కొక్కటే.
ఇది వెనక నెలవంక ఉన్నది.
ఇది తుత్తునాగం, ఊపిరి తగిలితే పొడి.
ఇది పోతపోసినవాడు తొందరలో ఉన్నాడు,
చతురస్రం చిల్లు వంకరపోయింది.
అన్నీ చిల్లు కాణీలే.
చిల్లు లేనిదే ఇక్కడ కాణీ కాదు,
తాడు దూరేది అక్కణ్ణుంచే కదా.

కొసరుది వేరే పెట్టాను.
కాగితం కింద పెట్టి పెన్సిలు రుద్దితే
నాలుగు అక్షరాలు పైకొచ్చాయి,
పైనుంచి కుడికి, గుండ్రంగా తిరిగే వరస.
పేరు సోంగుల నాటిది.
చెయ్యి మాత్రం సోంగులది కాదు.
గీత చివర బిగుసుకుంది,
ఎవరి ఇంటిపేరో కాపీ కొడుతున్న పిల్లాడి రాతలా.
నాగసాకిలో పోసి, ఓడల్లో
మా రేవుకి దింపిన సరుకు.
దగ్గర దగ్గర ఆరొందల ఏళ్ళ కిందట
చచ్చిన యుగం పేరు పెట్టుకుని
పరాయి దేశంలో పుట్టి
ఇంకో పరాయి దేశంలో చెల్లింది.

పుస్తకంలో రాశాను:
ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. మూడు గ్రాముల పైచిలుకు.
ఒక పక్క అంచు అరుగుదల,
రాగి పొడి కోసం ఎవడో ఆకురాయి పెట్టాడు.
దొంగ, అని పక్కన చిన్నగా.

మళ్ళీ వారం మెట్ వచ్చింది. చదివి వినిపించాను.
నాగసాకి దగ్గర తల ఊపింది మర్యాదకి.
దొంగ దగ్గర నవ్వింది,
పళ్ళు లేని నోరంతా.
"ఆకురాయి కాదు నాయనా, నా వీపు.
జ్వరమొస్తే నూనె రాసి
ఈ అంచుతోనే గీసేది మా అమ్మ,
వెన్నెముకకి అటూ ఇటూ,
ఎర్రగా చారలు తేలేదాకా.
అమ్మకి వాళ్ళమ్మ.
మా తమ్ముళ్ళు నలుగురు. నా పిల్లలు ఆరుగురు.
అరగదా మరి?"

నేను భూతద్దం తీసి బల్లమీద పెట్టాను.
ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి
నాణెం అంచు వేలితో తడిమి చూశాను.
నున్నగా ఉంది. ఆకురాయి ఇంత నున్నగా కొరకదు.
ఆ మాత్రం తెలియాల్సింది.

"మరి కొసరుగా ఎందుకు వేశావు?"
"నువ్వు ఇంకో రెండువేలు తగ్గిస్తావని భయమేసి."
కాసేపాగి, సైకిలు వైపు చూస్తూ,
"మనవరాలికి రాత్రినుంచి ఒళ్ళు కాలుతోంది.
ఓ రెండ్రోజులు ఇస్తావా?"

ఇచ్చాను. డబ్బాలో దాని గుంట ఖాళీ.
దొంగ అన్న మాట కొట్టేశాను,
పైన ఏం రాయాలో తోచక
పెన్ను మూత పెట్టేశాను.
రెండ్రోజులు దాటి పదకొండు రోజులయింది.
అడగలేదు నేను.