నాలుగు అంకెలు

నిద్రపట్టని రాత్రి బొటనవేలితో
నాలుగు టైర్లు కొన్నాను.
పదకొండు వందలు మిగిలాయంది తెర.

బుధవారానికల్లా వాచ్‌మన్ కుర్చీకి అడ్డంగా
పిలవని పేరంటానికొచ్చినట్టు దిగాయి.
రెండు డిక్కీలో, రెండు వెనక సీట్లో.
తీసుకెళ్లడం ఇంకెక్కడికి?
తొమ్మిదేళ్లుగా నా పంక్చర్లన్నీ ఎరిగిన
అంబత్తూరు ఏళుమలై కొట్టుకే.

మొహం చెల్లక కారు దిగలేదు కాసేపు.
అతను రసీదు అడగలేదు.
పాత టైరు విప్పి అరచేత్తో తడిమాడు.
"ఎడమ పక్కంతా గీరుకుపోయింది.
ఇంకా గట్టు పట్టుకునే నడుపుతున్నావా అక్కా?
రోడ్డు నీది కూడా."

కొత్తదాని మీద దుమ్ము
ఉమ్మి తడితో తుడిచి
నాలుగు అంకెలు చదివాడు,
బారసాల నాడు జాతకం చదివినట్టు.
"ఇది పుట్టి రెండేళ్లు దాటింది.
ఏదో గోడౌన్లో పడుకుని ఉంది ఇన్నాళ్లూ."

"పనికిరాదా?"

"వస్తుంది.
రాదని చెప్పి నా సరుకు అంటగట్టొచ్చు.
కానీ వస్తుంది."

బిగించడానికి, తూకం సరిచేయడానికి, గాలికి
ఎనిమిది వందలు.
లెక్క వేయబోయి మానేశాను.

కంప్రెసర్ మోతలో, నా వైపు చూడకుండా
మీటరుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:
"నన్నడిగితే తగ్గించేవాణ్ణి కాదులే.
అయినా ఒక్కసారి అడగాల్సింది."

ఎండలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
డిక్కీ అడుగున స్టెప్నీ ఇంకా పాతదే.
దానికెంతవుతుందని అడిగాను.

చాలా ఎక్కువ చెప్పాడు.