జోడు తీగలు

వాల్టర్ దాన్ని బొగ్గుల కొట్లో దాచాడని
నలభై ఏళ్లకు చెప్పింది మా అక్క ఐవీ.
దాచాడో, పారేయడానికి చేతులు రాక పడేశాడో.
గోనె విప్పితే
మెడ విల్లులా వంగి ఉంది, బొజ్జ ఉబ్బి ఉంది,
పన్నెండు బిరడాల్లో మూడు లేవు.
కడుపులో ఎలుక గూడు,
గూట్లో సగం నమిలిన గుర్రప్పందెం చీటీ.

నేను వలలు అల్లినదాన్ని.
హల్ రేవులో, హెసిల్ రోడ్డు వెనక షెడ్డులో
పదిహేనో ఏట సూది పట్టి
చలికి పగిలిన వేళ్లతో
కన్ను పక్కన కన్ను ముడివేసినదాన్ని.
గిటార్ల సంగతి నాకేం తెలుసు?
తెలిసిందల్లా లాగుడు.
తాడు ఎటు లాగుతుందో
ఏ ముడి ముందు తెగుతుందో.
పన్నెండు తీగలు బిగిస్తే
ఒక భారీ మనిషి వేలాడినంత బరువు
ఆ పల్చటి చెక్క మీద.
ఎవరూ వాయించకపోయినా మోస్తూనే ఉంది.
బిగించిన తీగకు ఆదివారం లేదు.

ముందు ఆ బరువు దించాను,
ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం,
చెక్క బెదరకుండా.
టీ కెటిల్ మూతికి రబ్బరు గొట్టం తొడిగి
మెడ కీలులోకి ఆవిరి పంపాను.
వంటింటి నిండా తడిసిన గుర్రం వాసన.
ఐవీ కిటికీలు తెరిచి, నన్నూ మొగుణ్ణీ కలిపి తిట్టింది.
పాలపన్నులా మెడ ఊడి
నా చేతిలోకి వచ్చేసింది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వజ్రం నానబెట్టాను, పాకం వచ్చేదాకా కాచాను.
బీట కింద లోపలినుంచి
గోరంత చెక్క మాసికలు వేశాను.
తీగల్ని మోసే గుర్రాన్ని మళ్లీ అతికించి
పైన ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాను.
వేలు పట్టని చోటికి వలసూది పట్టింది.
మూడు వారాలు.

లావు వైపు నాలుగు జోళ్లు
తాత పక్కన మనవడు నడిచినట్టు,
ఒకటి మంద్రం, ఒకటి దాని పై స్థాయి.
సన్న వైపు రెండూ కవలలు.
మూడో జోడులోని సన్నది మాత్రం మహా పెంకిది.
రెండుసార్లు తెగింది,
రెండోసారి నా చెంప మీద గీత పెట్టింది.

శ్రుతి చేయడం మొదలుపెట్టాక తెలిసింది,
వల అల్లడం ఎంత సుఖమో.
ఒకదాన్ని బుజ్జగిస్తే పక్కది అలుగుతుంది.
పన్నెండోది దారికొచ్చేసరికి
మొదటిది జారుకుంటుంది.
పక్కింటి కుర్రాడు డెస్మండ్
తలకు తగిలించే చిన్న యంత్రం ఇచ్చాడు.
చివరికి పన్నెండిటికీ పచ్చ దీపం.
మోగింది.
కడిగి బోర్లించిన పళ్లెంలా మోగింది.
ఏదో లేదు. ఏమిటో తెలియలేదు.

వాల్టర్ ముప్పై ఏళ్లు చేపల ఓడల్లో
ఇంజను గది మనిషి.
ఐస్‌లాండ్ దాపుల దాకా వెళ్లి
రెండు చెవులూ అక్కడే వదిలి వచ్చాడు.
వాయించడం అందుకే మానేశాడా?
ఎవరూ అడగలేదు.
అడిగినా వినపడదు.

అతని ముందు పెట్టాను.
చాలాసేపు చేయి వేయలేదు.
గుండ్రటి నోట్లో ముక్కు పెట్టి వాసన చూశాడు.
తర్వాత, పెట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేశాడు,
వంగి, దవడ ఎముకను
గిటారు భుజానికి ఆనించాడు,
కళ్లు మూసుకుని ఒక జోడు మీటాడు.

"మరీ సరిగ్గా పెట్టావే!" అని అరిచాడు.
వీధంతా వినపడి ఉంటుంది.

ఒక్కో జోడులో ఒక్కో బిరడా
వెంట్రుకవాసి తిప్పాడు,
పచ్చ దీపం ఆరేటంత.
మళ్లీ మీటాడు.
ఉదయం పూట రేవు నీళ్ల మీద
నూనె తెట్టు రంగులు కదులుతాయి,
గది అలా కదిలింది.
ఐవీ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.
కూర మాడుతోందని
ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

వార్నిషు మీద అతని దవడ తడి మచ్చ.
మూడు వారాలు మెరుగు పెట్టినదాన్ని,
తుడవలేదు.

రెండో పాట సగంలో
ఆ పెంకి తీగ మళ్లీ తెగింది.
చెవులకు తెలియలేదు,
ఎముకకు తెలిసింది.
కళ్లు తెరవకుండానే నవ్వి
పదకొండిటి మీద సాగిపోయాడు.